దూధ్‌నాథ్ తివారీ ద్రోహియేనా?

దూధ్‌నాథ్ తివారీ 14వ దేశీయ పదాతి దళంలో సిపాయి. 1857 తిరుగుబాటులో చేరి సైన్యం విడిచి పారిపోయాడన్న నేరానికి యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించి, 1858 ఏప్రిల్‌లో అండమాన్‌కు చేర్చారు. నెల తిరక్కుండానే అక్కడి రాస్ దీవి నుంచి తప్పించుకున్నాడు. వెంట వచ్చినవాళ్లలో చాలామందిని అండమానీయులు చంపినా, గాయపడిన అతణ్ణి చేరదీశారు, పెళ్లి కూడా చేశారు. ఏడాది దాటాక, 1859 మే 17న వాళ్లు ఖైదీల స్థావరమైన అబర్డీన్ మీదికి దండెత్తుతుంటే, ముందే వెళ్లి ఆంగ్లేయులకు చెప్పేశాడు. విల్లంబులు తుపాకుల ముందు ఓడాయి. అతనికి క్షమాభిక్ష దొరికింది.

అందుకే అతణ్ణి ద్రోహి అంటారు. ఆ తీర్పు తొందరపాటని నా అభిప్రాయం. అంతకు నెల ముందు అండమానీయులు చేసిన దాడుల్లో చనిపోయినవాళ్లలో ఖైదీలున్నారు. అతను హెచ్చరించకపోతే, తనలాగే ఆ నరకానికి పంపిన తోటి సిపాయిలే మళ్లీ బలయ్యేవారు. పైగా పారిపోయి పట్టుబడినవాళ్లను, 80 మందికి పైగా, ఆ స్థావరం సూపరింటెండెంట్ వాకర్ ఉరి తీయించాడు. అలాంటి చోటికి వట్టి చేతులతో తిరిగి వెళ్లగలడా?

ఉప్పు తిన్న ఇంటికే చేటు తలపెట్టాడు కదా అంటే, నిజమే. గర్భవతి అయిన భార్యను వదిలి వచ్చాడు. దాన్ని నేను సమర్థించను. కానీ మనకున్నది అధికారులు నమోదు చేసుకున్న అతని వాంగ్మూలం. క్షమాపణ కోరే ఖైదీ ఏలినవారికి నచ్చేదే చెబుతాడు. తమ అడవిని కాపాడుకోవడానికి పోరాడిన అండమానీయుల మాటను మాత్రం ఆనాడు ఎవరూ రాసిపెట్టలేదు.