మైదానం అంచున



బడి విడిచినా బిడ్డ మైదానంలో పరుగెత్తుతూనే ఉంటే "ఈ పరుగు కూడు పెడుతుందా?" అని కసురుకుంటాము. మన వరంగల్ జిల్లా కల్లెడలో జీవంజి దీప్తి పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదలలో లోపము గల బిడ్డ. తల్లిదండ్రులు కూలీలు. ఊరిలో కొందరు ఆమెను గేలి చేశారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు మాత్రం ఆమె పరుగు చూశాడు. 2024 మే నెలలో జపానులోని కోబేలో ఆమె 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి, తన విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది.

పందెములు బాగా ఎరిగిన కొరింతు వారికి పునీత పౌలు గారు విశ్వాస జీవితాన్ని పరుగుతోనే పోల్చి వ్రాశారు. పరుగును ఆయన చిన్నచూపు చూడలేదు. చూస్తున్నది మనమే.

రేపు మీ బిడ్డ పరుగెత్తే వేళకు మైదానం అంచున కాసేపు నిలబడండి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఇంటికి వచ్చాక చేయవచ్చు.