ముందే తెలిసిన మంచుతుఫాను

అమెరికన్ తత్వవేత్త జోయెల్ ఫైన్‌బర్గ్ 1978 నాటి ఒక వ్యాసంలో ఒక ఉదాహరణ ఇస్తాడు. మీరు వీపుకి సంచి తగిలించుకుని కొండల్లో నడుస్తున్నారు. ఊహించని మంచుతుఫాను వచ్చిపడింది. ఎదురుగా ఎవరిదో చెక్క ఇల్లు, తాళం వేసి ఉంది. కిటికీ పగలగొట్టి లోపలికి దూరతారు. తుఫాను తగ్గేదాకా వాళ్ళ తిండి తింటారు, వాళ్ళ కుర్చీలూ బల్లలూ విరిచి పొయ్యిలో వేసి చలి కాచుకుంటారు. ఇది తప్పా? కాదంటాడు ఫైన్‌బర్గ్. అయినా ఆ ఇంటివాళ్ళకి నష్టపరిహారం బాకీ పడ్డట్టే అని కూడా అంటాడు. తప్పే చెయ్యనప్పుడు బాకీ ఎలా పడతాం అన్నదాని చుట్టూ తర్వాత చాలా చర్చ జరిగింది. నాకు మాత్రం అంతకుముందున్న ఒక చిన్న మాట దగ్గర ఆగబుద్ధేస్తుంది: 'ఊహించని'.

తుఫాను ఉంటుందని తెలిసే వెళ్తే?

కెనడాలో డెంప్‌స్టర్ హైవే అని ఒక రోడ్డుంది. యూకాన్‌లో డాసన్ సిటీ దగ్గర మొదలై, ఆర్కిటిక్ వలయం దాటి, ఇనువిక్ దాకా దాదాపు 740 కిలోమీటర్లు పోతుంది. కంకర రోడ్డు. సగం దారిలో ఈగిల్ ప్లెయిన్స్ అనే చోట ఒక హోటలూ, ఒక పెట్రోలు బంకూ ఉంటాయి. అది దాటాక రిచర్డ్‌సన్ కొండల దగ్గర గాలి లేస్తే రోడ్డుకి గేటు వేసేస్తారు. పీల్, మెకెంజీ నదుల్ని వేసవిలో ఫెర్రీ మీద దాటినవాళ్ళు చలికాలంలో గడ్డకట్టిన నీటి మీదే బండి నడుపుకుంటూ దాటాలి. దారిలో చాలా భాగం ఫోన్ పనిచెయ్యదు. 2017 నవంబరులో ఇనువిక్ నుంచి టక్టోయక్టక్ దాకా ఇంకో 138 కిలోమీటర్లు వేశాక, కారులో ఏకంగా ఆర్కిటిక్ సముద్రం ఒడ్డుకే పోవచ్చు.

ఆల్బర్టాలో ఉండే స్నేహితులు కొందరు ఫిబ్రవరిలో ఈ దారిన పోదామని వేసుకున్న ఎక్సెల్ షీటు నాకు పంపారు, ఏవైనా తప్పులుంటే చెప్పమని. మంచి షీటు. చలి గురించి నాకు తెలియని సంగతులు చాలా నేర్పింది. మైనస్ 40 అనేది సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండిట్లోనూ ఒకటే అంకె. అక్కడికి వచ్చేసరికి మనం రోజూ నమ్ముకునేవేవీ నమ్మకంగా ఉండవు. బ్యాటరీ శక్తి పడిపోతుంది. ఇంజిన్ ఆయిలు చిక్కబడుతుంది, అందుకని రాత్రంతా ప్లగ్గు పెట్టి ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటరు కావాలి. మామూలు డీజిల్లో మైనం పేరుకుని ఫిల్టరుకి అడ్డం పడుతుంది. క్యాంపింగ్ స్టవ్వు డబ్బాలోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మరిగేదే మైనస్ 42 దగ్గర, అంటే అదీ ఆ చలికి సరిగ్గా అంచు మీదే ఉంటుంది. అందుకని ద్రవ ఇంధనాన్ని పంపు కొట్టి మండించే స్టవ్వు తీసుకెళ్ళాలి. మన ఇళ్ళల్లో ఒకప్పుడు ఉన్న కిరసనాయిలు పంపు స్టవ్వుకి దగ్గరి చుట్టం అది. బండి మంచులో కూరుకుపోతే ముందు చూడాల్సింది పొగగొట్టం. అది మూసుకుపోయి ఉండగా హీటరు కోసం ఇంజిన్ నడిపితే, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరి చలికన్నా ముందే ప్రాణం తీస్తుంది. టైరు మార్చేటప్పుడు కూడా చెమట పట్టకుండా నిదానంగా మార్చాలట, తడిసిన బట్టే అక్కడ శత్రువు.

షీటులో ప్రతి వస్తువు పక్కనా 'ఎందుకు' అని ఒక గడి ఉంది. అన్ని గడుల్లోనూ ఒకటే జవాబు, వేర్వేరు మాటల్లో: మనం బతకడానికి. కాంట్ 1785లో రాసిన పుస్తకంలో సొంత క్షేమం కోసం పాటించే ముందుజాగ్రత్తని నైతిక విధి నుంచి విడదీస్తాడు. గొడుగు మర్చిపోతే తడుస్తావు, అది నీ తెలివితక్కువతనం, అధర్మం కాదు. హైదరాబాదు వానలో ఈ విభజన బాగానే నిలబడుతుంది. డెంప్‌స్టర్ మీద ఫిబ్రవరిలో నిలబడదు.

ఎందుకంటే అక్కడ నా బండి ఆగిపోతే మొదట వచ్చేది అంబులెన్సో హెలికాప్టరో కాదు. ఇనువిక్‌కి కూరగాయలో, సామానో తోలుతున్న లారీ డ్రైవరు. ఆ దేశంలో చలికాలం రోడ్డు పక్కన ఆగి ఉన్న బండిని చూసి చూడనట్టు పోవడం మర్యాద కాదు. అతను ఆగుతాడు, దిగుతాడు, తన చేతులు గడ్డకట్టించుకుంటాడు. నా సరదా ప్రయాణానికి ఒప్పుకోమని అతన్ని ఎవరూ అడగలేదు. ఫైన్‌బర్గ్ బాటసారికి కిటికీ పగలగొట్టే అనుమతి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ ఆపద అతను కోరి తెచ్చుకున్నది కాదు కాబట్టి వచ్చింది. క్యాలెండరు చూసుకుని మరీ ఫిబ్రవరిని ఎంచుకున్నవాడు ఆ అనుమతిని ఇంటి దగ్గరే ఖర్చు పెట్టేసుకున్నట్టు. చావమని కాదు, కిటికీ పగలగొట్టాల్సిందే. కానీ తర్వాత తీర్చే నష్టపరిహారం సరిపోదు, కొంత ముందుగానే కట్టి ఉండాలి. రెండో స్పేరు టైరు, స్లీపింగ్ బ్యాగు, ఉపగ్రహ సమాచార పరికరం, ఇవన్నీ ఆ ముందస్తు చెల్లింపులు. అవి నేను బతకడానికే కాదు, ఆ డ్రైవరు దిగాల్సిన అవసరం తగ్గించడానికి.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. పన్నులు కడుతున్నాం, ఇన్సూరెన్సు ఉంది, రక్షించడం వాళ్ళ ఉద్యోగం. పొగ తాగేవాడికి ఆసుపత్రి వైద్యం చెయ్యట్లేదా? చేస్తుంది, చెయ్యాలి కూడా. కానీ ఆసుపత్రిలో డాక్టరు రోగి జబ్బులోకి దిగి పనిచెయ్యడు. ఇక్కడ సాయానికి వచ్చినవాడు నేనున్న ఆపదలోకే అడుగుపెడతాడు. డబ్బుతో సరిచెయ్యలేని తేడా అది. అయితే ఎవరూ ఎక్కడికీ పోకూడదా అంటే, ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. సముద్రం గడ్డకట్టడం చూడాలన్న కోరిక చిన్నదేం కాదు.

ఇక్కడిదాకా వచ్చాక అన్నీ మోసుకెళ్తే చాలు అనిపిస్తుంది. ఎవరి మీదా ఆధారపడకుండా, నాలుగు చక్రాల మీద ఒక చిన్న స్వతంత్ర దేశంలా. ఆ రోడ్డు చరిత్రే ఈ ఊహకి అడ్డం వస్తుంది.

1910 డిసెంబరు 21న మౌంటెడ్ పోలీసు ఇన్‌స్పెక్టరు ఫ్రాన్సిస్ ఫిట్జ్‌జెరాల్డ్ ముగ్గురితో, 15 కుక్కలతో ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ నుంచి డాసన్‌కి బయల్దేరాడు. త్వరగా చేరాలని బండ్ల బరువు తగ్గించుకుని, తిండి తక్కువ పెట్టుకున్నాడు. కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడే ఆగుతారు, చూశారా సరంజామా చాల్లేదు అని. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది తర్వాత జరిగింది. దారిలో ఈసా జార్జ్ అనే గ్విచిన్ మనిషి కలిశాడు. ఆ నేల అతని వాళ్ళది. అతన్ని కొద్దిరోజులు దారి చూపడానికి పెట్టుకుని, జనవరి మొదట్లో డబ్బులిచ్చి పంపేశారు. ఇక దారి చూపాల్సినవాడు కార్టర్ అనే మాజీ కానిస్టేబులు. అతను ఆ దారిన ఒక్కసారే వచ్చాడు, అదీ ఎదురు దిక్కు నుంచి. మలుపు తిరగాల్సిన ఫారెస్ట్ క్రీక్ వాళ్ళకి దొరకలేదు. రోజుల తరబడి వెతికారు, వెనక్కి తిరిగారు, కుక్కల్ని ఒక్కొక్కటిగా చంపి తిన్నారు. నలుగురూ ఫిబ్రవరిలో చనిపోయారు. ఫిట్జ్‌జెరాల్డ్, కార్టర్‌ల శవాలు ఫోర్ట్ మెక్‌ఫెర్సన్‌కి 40 కిలోమీటర్ల దూరంలోనే దొరికాయి.

ఇంకో నెలకి సరిపడా బియ్యమో పిండో ఉన్నా ఆ వాగు దొరికేది కాదు. ఈసా జార్జ్‌ని అడిగితే దొరికేది. అప్పుడే, జీతం ఇచ్చి, అతని ఒప్పుకోలుతో తీసుకునే సాయం అది. దాన్ని వద్దనుకున్నాక, వాళ్ళని వెతకడం కోసం ఇంకొందరు మంచులోకి దిగాల్సివచ్చింది. సాయం తీసుకోవడం, తీసుకోకపోవడం మధ్య కాదు తేడా. ముందు అడిగి తీసుకోవడానికీ, తర్వాత ఎవడో ఒకడు తప్పనిసరై ఇవ్వాల్సిరావడానికీ మధ్య. నా స్నేహితుల షీటులో 83 వరసలున్నాయి. 'ఎవర్ని అడిగాం' అనే గడి లేదు. ఈగిల్ ప్లెయిన్స్‌కి ఫోన్ చేసి ఆ వారంలో గదులూ పెట్రోలూ ఎలా ఉంటాయో, ఇనువిక్‌లో రోజూ బండి నడిపేవాళ్ళు ఏ గాలికి ఆగిపోతారో అడగమన్నాను. గేటు మూసి ఉన్న రోజుల కోసం నాలుగు రోజులు అదనంగా సెలవు పెట్టమన్నాను. సెలవు సంగతి మాత్రం వాళ్ళకి నచ్చలేదు.

ఫిట్జ్‌జెరాల్డ్ బృందాన్ని వెతకడానికి 1911 ఫిబ్రవరి చివర్లో డాసన్ నుంచి బయల్దేరిన విలియం డెంప్‌స్టర్ తనతో చార్లీ స్టూవర్ట్ అనే స్థానికుణ్ణి దారి చూపడానికి తీసుకెళ్ళాడు. ఆ తర్వాతి గస్తీల కోసం దారిలో తిండి ముందే దాచిపెట్టడం, దారి తెలిసిన స్థానికుల్ని వెంటపెట్టుకోవడం మొదలుపెట్టారు. రోడ్డుకి డెంప్‌స్టర్ పేరు పెట్టారు. దారి చూపినవాళ్ళ పేర్లు పెట్టలేదు.