వెనక నడిచేవాడు

మహాప్రస్థానం అనగానే మనకు ముందు శ్రీశ్రీ గుర్తొస్తాడు. నేను చెప్పబోయేది భారతంలోది. అయిదుగురు అన్నదమ్ములు, ద్రౌపది, వెంట ఒక కుక్క హిమాలయాలకేసి నడుస్తారు. మొదట ద్రౌపది పడిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. ఒక్కొక్కరు పడినప్పుడల్లా ఎందుకు పడ్డారని భీముడు అడుగుతాడు. ధర్మరాజు కారణం చెబుతాడు గాని వెనక్కి తిరగడు. అదే వైరాగ్యమని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాను. జనవరిలో కేదార్‌కంఠ ఎక్కిన దగ్గర్నుంచి ఆ మాట మనసులో సరిగా కుదురుకోవడం లేదు.

కేదార్‌కంఠ ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో ఉంది. ఎత్తు సుమారు 3,800 మీటర్లు. డెహ్రాడూన్ నుంచి రోజంతా మలుపుల దారిలో ఊగుతూ సాంక్రీ అనే ఊరు చేరితే, అక్కడి నుంచి అడవిలో నడక. చలికాలంలో దారంతా మంచే. మా గుంపులో సగం మంది తెలుగువాళ్లు.

కొత్తగా పడిన మంచులో ముందు నడిచేవాడిదే కష్టమంటారు. నిజమే, కాళ్లు దిగబడుతుంటే అతను దారి చేస్తాడు, మిగతావాళ్లు ఆ గుంటల్లో అడుగులేస్తారు. అయితే పదిమంది తొక్కాక ఆ మంచు అణిగి గట్టిపడుతుంది. పగటి ఎండకు పైపొర కరుగుతుంది, రాత్రి చలికి మళ్లీ గడ్డకడుతుంది. తెల్లారేసరికి ఆ అడుగుజాడలే గాజు పలకల్లా ఉంటాయి. అందుకే బూట్ల కింద ఇనుప ముళ్ల మైక్రోస్పైక్స్ తొడుక్కోవాలి. ముందువాడికి దారి లేదు గాని కాలికి పట్టు ఉంది. చివరివాడికి దారి ఉంది, పట్టు లేదు. ‘మేం కష్టపడి పైకి రాలేదా’ అని మా తరంవాళ్లు పిల్లల్ని దబాయిస్తుంటే నాకీమధ్య ఆ జారుడు దారి గుర్తొస్తోంది.

మాకు ఇద్దరు గైడ్లు, ఇద్దరూ అక్కడి కుర్రాళ్లే. ఒకడు అందరికంటే ముందు, ఒకడు అందరికంటే వెనక. బాగా నెమ్మదిగా నడిచే మనిషిని ముందు గైడు తన వెనకే పెట్టుకునేవాడు. అందరి నడకా ఆ మనిషి నడకే. ఆగడం ఊరికే వచ్చేది కాదు. చీకట్లో శిఖరానికి బయల్దేరినప్పుడు అది బాగా తెలిసింది. నడుస్తుంటే చెమట పడుతుంది, నిలబడితే అదే చెమట ఒంటి మీద చల్లబడి వణికిస్తుంది. అంత ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులైనా ఉండదు. ఊపిరి అందనివాళ్ల కోసం వణుకుతూ నిలబడ్డవాళ్లకు ఒళ్లు మండింది. నాకూ మండింది. వెనక గైడు మాత్రం ఒక్కసారి కూడా ఎవర్నీ దాటి ముందుకు రాలేదు. కొండ మీదికి అందరికంటే ఆఖరున చేరడమే అతని ఉద్యోగం.

పైనుంచి చూస్తే దూరంగా స్వర్గారోహిణి, 6,252 మీటర్ల ఎత్తు. ధర్మరాజు అక్కడి నుంచే స్వర్గానికి వెళ్లాడని నమ్మకం. వెనక్కి చూడని ఆయన కంటే మా వెనక గైడే నయమనిపించిందని పక్కనున్న వరంగల్ కుర్రాడితో అన్నాను.

“ఆయన తిరిగి వచ్చేది లేదు కదన్నా. మనం కిందికి దిగాలె. అందుకే లెక్క చూసుకుంటం” అన్నాడు.

మరి కుక్కను వదిలి స్వర్గానికి రానని ఇంద్రుడితో ఎందుకన్నాడని అడిగాను.

“కుక్క పడిపోలే కదా. వెంబడే ఉండె.”

ఈ జవాబు నాకు నచ్చలేదు, కొట్టిపారేయడానికీ వీల్లేదు. తనతో సమానంగా నడవగలిగిన ప్రాణి కోసం స్వర్గాన్ని కాదన్నాడు, సరే. నడవలేకపోయినవాళ్ల మాటేమిటి? భారతం ఆ సంగతి అక్కడితో వదిలెయ్యలేదు. స్వర్గంలో తమ్ముళ్లు కనబడక వెతుకుతూ వెళితే దూత ఆయన్ని నరకానికి తీసుకుపోతాడు. ఆ కంపు భరించలేక ధర్మరాజు వెనుదిరుగుతాడు. అప్పుడు చీకట్లోంచి గొంతులు, కాసేపు ఉండమని. ఎవరు మీరంటే కర్ణుడు, భీముడు, అర్జునుడు, నకులుడు, సహదేవుడు, ద్రౌపది. ఇక స్వర్గానికి రానని, వీళ్లతోనే ఉంటానని దూతకు చెప్పి పంపేస్తాడు.

కుర్రాడికి ఇదంతా చెప్పాను. బూట్లో చేరిన మంచు దులుపుకుంటూ విన్నాడు.

“అదేదో కొండ మీదనే ఆగితే సరిపోయేది గదన్నా” అన్నాడు.