కరిగించే హక్కు

బంగారం కొన్నవాళ్ళది, సరే. దానిమీద చెక్కిన పేరు ఎవరిది?

నేను పోగుచేసేవి పాత అమెరికన్ జేబుగడియారాలు, అందులోనూ ఆడవాళ్ళవి. మగవాళ్ళ 18 సైజు యంత్రం దాదాపు 45 మిల్లీమీటర్ల వెడల్పుంటే, ఆడవాళ్ళ 0 సైజు 30 కూడా ఉండదు. మెడలో గొలుసుకో, రొమ్ముమీద పిన్నుకో వేలాడేవి. సమయం చూసుకోవడానికా, సింగారానికా అంటే రెండోదే ఎక్కువనిపిస్తుంది.

మసాచుసెట్స్‌లోని వాల్తమ్‌కు 1854లో గడియారాల ఫ్యాక్టరీ వచ్చింది. వెంట్రుకలాంటి స్ప్రింగులు, కంటికానని మరలు... వాటిమీద పనిచేసినవాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు. సున్నితమైన వేళ్ళని పొగిడారు, కూలి మాత్రం మగవాళ్ళకంటే తక్కువ. యంత్రంమీది నంబరు పట్టుకుంటే ఏ కాలంలో తయారైందో చెప్పొచ్చు. ఎవరి చేతుల్లో తయారైందో అది చెప్పదు. మిగిలేది డబ్బీ లోపల చెక్కిన పేరొక్కటే, గడియారం పుచ్చుకున్నామెది.

ఇప్పుడు ఆ పేరుకే ఎసరు. 1980లో బంగారం ధర ఎగబాకినప్పుడు డబ్బీలు కరిగించి యంత్రాలు పక్కన పడేశారు. 2025లో ఔన్సు 4,000 డాలర్లు దాటింది. సేకరించేవాళ్ళ మోజంతా మగవాళ్ళ రైల్వే గడియారాలమీద. అందుకే ఆడవాళ్ళవి ముందుగా మూసలోకి పోతాయి.

"14 క్యారెట్లా? అదీ ఒక బంగారమేనా! కరిగించి గాజులు చేయించుకోరాదూ" అంటుంది మా వదిన. నూటికి 58 పాళ్ళే, నిజమే. అయినా ఆమె మాటను తీసిపారేయలేను. కష్టకాలంలో ఆడదాన్ని ఆదుకున్నది బంగారమేగానీ దానిమీది పేరు కాదుగా? నగ అమ్మి కూతురి ఫీజు కట్టిన తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికుంది? మసాచుసెట్స్‌లో 1855 చట్టం వచ్చేదాకా పెళ్ళయిన స్త్రీ చరాస్తి మామూలుగా భర్తదే. గడియారాన్ని తన ఇష్టప్రకారం అమ్ముకోగలగడం కూడా ఆమె గెలుచుకున్న హక్కే. కరిగించడం కూడా స్వేచ్ఛే, ఆమె చేస్తే.

నేను చేస్తే? నాకే ఫీజూ కట్టాల్సిన పనిలేదు. ఆమె అవసరాన్ని సాకుగా చూపి నేను లాభపడటమే అవుతుంది. అలాగని బీరువాలో దాచినంతమాత్రాన ఆమెకేదో మేలు చేశానని చెప్పుకోను. దాచుకోవడంలో నా ముచ్చట కూడా ఉంది. కానీ పేరు చదవడానికి మిగులుతుంది. స్ప్రింగు బిగించినామెకు అదీ లేదు. ఇంటికొచ్చినవాళ్ళకు చూపించేటప్పుడు, అందరూ ముందు పేరే అడుగుతారుగానీ, నేను వెనకమూత తీసి యంత్రం చూపిస్తాను.