రోహిణి ఒడ్డున సిద్ధార్థుడు వేసిన ప్రశ్న



మొన్న పున్నమి వందన అయినంక ఆర్మూర్ పక్క ఊరి తమ్ముడొకడు నన్ను ఆపిండు. “అన్నా, ఇజ్రాయెల్‌ల బిల్డింగ్ పనికి తీసుకుంటున్నరట. ఇక్కడ ఏడాదంతా పసుపు తవ్వినా, ఉడకబెట్టినా రాని పైసలు అక్కడ రెండు మూడు నెలల్ల వస్తయట. కానీ యుద్ధం ఉందంటున్నరు. పోవాల్నా, వద్దా?” అని అడిగిండు. వాని ఇంట్ల అప్పు ఉంది. ఆకలితో ఉన్నోనికి ఒట్టి నీతి చెప్పుడు ధమ్మం కాదు. అందుకే ఆ రోజు జవాబియ్యలేదు. ఇయ్యాల ఇస్తున్న. ఇది మీ ఇంటి ప్రశ్న కూడా.

2023 అక్టోబర్ తర్వాత ఇజ్రాయెల్ వేలాది పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసింది. ఆ జాగల్లో పని చేయడానికి మన దేశం నుంచి కూలీలను పిలిచింది. 2024లో హైదరాబాద్‌లో కూడా ఎంపికలు జరిగాయి. అంటే మనకు చూపిస్తున్న బుక్క ఇంకో కూలోని నోటి కాడిది. అదే ఏడాది, ఉద్యోగమని నమ్మించి రష్యాకు తీసుకపోయిన హైదరాబాద్ యువకుడొకరు ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయిండు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమిస్తే లక్షన్నరకు పైగా భారతీయులు విమానాల్లో తిరిగొచ్చిండ్రు. మా వాడ చిన్నాయన ఒక చేతిసంచితో దిగిండు. ఉద్యోగం పోయింది గానీ వడ్డీ ఆగలేదు.

సామ్రాజ్యవాదం ఎక్కడో దూరాన లేదు. గాయం మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చిండ్రు. తెగిన వేలికి మన అవ్వ అద్దిన పసుపే అది! మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందర పెట్టి కొట్లాడితే 1997లో రద్దయింది. ఇంకొకరి నేలను, కష్టాన్ని, తెలివిని ‘నాది’ అనే ఆశనే తణ్హ. అది మనిషిలో ఉంటే దుఃఖం, రాజ్యానికి పట్టుకుంటే యుద్ధం.

బాబాసాహెబ్ ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’లో ఏం రాసిండో యాది చేసుకోండి. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులు కోలియుల మీద యుద్ధానికి లేచిండ్రు. తప్పు ఎవరిదో ముందు విచారిద్దామని సిద్ధార్థుడు సంఘంలో నిలబడి చెప్పిండు. ఓట్లల్ల ఓడిపోయిండు. మాట మార్చుకోకుంటే కుటుంబాన్ని వెలివేస్తం, భూములు గుంజుకుంటం అని బెదిరించిండ్రు. వెలి అంటే ఏందో మన ఆర్మూర్ దిక్కు దళితవాడలకు ఒకరు చెప్పాల్నా? ఆయన యుద్ధానికి ఒప్పుకోలేదు, ఇల్లు విడిచి పరివ్రాజకుడయిండు. ఆయన పోయినంక శాక్యులే యుద్ధం వద్దని ఊరేగింపులు తీసిండ్రు, రాజీ కుదిరింది. అయినా ఆయన తిరిగి రాలేదు. రాజ్యాల మధ్య కొట్లాట ఎప్పుడో ఒకప్పుడు వస్తది, వర్గాల మధ్య కొట్లాట రోజూ ఉంటది, దుఃఖానికి మూలం అక్కడుందని తెలుసుకున్నడు.

కాబట్టి తుపాకులు ఆగితేనే శాంతి వచ్చినట్టు కాదు. అప్పు, కులం, ఆకలి ఉన్నంత కాలం యుద్ధానికి కూలీలు దొరుకుతనే ఉంటరు. యుద్ధ వ్యతిరేక ఉద్యమం లక్ష్యం ఆ మూలాన్ని తీసేసుడు.

తమ్మీ, నా జవాబు ఇది. పోవద్దు. ఉపాసకుడు చేయరాని వ్యాపారాల్లో బుద్ధుడు ఆయుధాల వ్యాపారాన్ని చేర్చిండు. యుద్ధం నడవడానికి పనికొచ్చే కూలి కూడా దానికి దూరం కాదు. అయితే నిన్ను ఒక్కన్ని ఆపి, నీ అప్పును నీ మీదనే వదిలేస్తే మేం ఉపాసకులం కాదు. ప్రతి పున్నమికి విహారంలో పొదుపు డబ్బా పెడదాం. ఏ దేశం వీసా వచ్చినా, ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడకుండా, కాగితాలు నలుగురం కూర్చొని చదవకుండా ఎవ్వరూ సంతకం పెట్టొద్దు. వాట్సాప్‌లో యుద్ధానికి జై కొట్టే మెసేజ్ వస్తే ముందుకు పంపకుండి. ఆ యుద్ధంలో చచ్చేది ఎవరి కొడుకని అడగుండి.

పంచశీలలో మొదటి శీలం రోజూ పలుకుతున్నం. అది మన నోటి నుంచి మన వాడలకు దిగాలె.

నమో బుద్ధాయ. జై భీమ్.