అరువు వేషము

ఇంద్రజాలికుడు మోసగాడా యను ప్రశ్నకు సమాధానము కష్టము కాదు. చూపరులు మోసపోవుటకే వచ్చి కూర్చుందురు; వాడును మోసగింతుననియే చెప్పి మోసగించును. ఒడంబడికపై జరుగునది మోసము కానేరదు. మా సందేహము వేఱు. ఈ విద్యను క్రొత్తగా నేర్చు బాలుడు తనది కాని వేషముతో, తనది కాని మాటతో సభకు వచ్చినప్పుడు ఆ యొడంబడిక నిలుచునా?

కడపజిల్లా తుమ్మలపల్లె వంటి యూర నొక బాలుడు మూడు గిన్నెలు, గుడ్డయుండలు పెట్టుకొని గారడి నేర్చుచున్నాడనుకొందము. వాడు మొదట చేయునది యనుకరణమే. అందు దోషము లేదు. దిద్దనిదే యక్షరము రాదు గదా. కాని వాడు వ్రేళ్లతో నాగడు. పట్టణపు ప్రదర్శకుని కోటును, నవ్వును, ‘లేడీస్ అండ్ జంటిల్మెన్’ అను పలుకును గూడ తెచ్చుకొనును. వేరుసెనగకాయ లొలుచుకొనుచు కూర్చున్న యవ్వతో నా పలుకు పలుకువానిని జూడ మాకు నవ్వు రాదు, జాలి కలుగును.

ఇది సొగసుకు సంబంధించిన మాట మాత్రమే కాదు. గారడిలో చేతికంటె చూపు చేయు పని యెక్కువ. ప్రదర్శకుడు చూచిన వైపే జనులు చూతురు. ప్రశ్న యడిగినచో వాని మొగము చూతురు. ఆ క్షణముననే యుండ చేయి మాఱును. కంఠపాఠము చేసిన పరుల మాటలను వెదకుకొనువాడు ఎటు చూడవలెనో మఱచును. జనుల చూపు తిన్నగా వాని చేతిపై బడును. ‘అవ్వా, ఉండ యాడుందో చెప్పు’ అని యింటిమాట మాటాడువాని కీ చిక్కు లేదు. కడపటి గిన్నెక్రింద పాశ్చాత్యులు తఱచు నిమ్మపండు చూపుదురు. పులివెందుల ప్రాంతపు పిల్లవాడు చీనికాయ చూపిన నేమి?

అనుకరణ మెంతదూరము పోవునో చూడుడు. 1861లో న్యూయార్కున బుట్టిన విలియం రాబిన్సన్, చింగ్ లింగ్ ఫూ యను నిజమైన చీనా యింద్రజాలికుడుండగనే, చుంగ్ లింగ్ సూ అని పేరు పెట్టుకొని చీనావాడై వెలసెను. వేదికపై ఇంగ్లీషు రానట్లు నటించెను. 1918 మార్చి 23న లండనులో, తుపాకిగుండును పట్టు ప్రయోగము వికటించి గుండు నిజముగా దాకినప్పుడు, ఇంగ్లీషుననే మాటాడెను. మఱునాడు మరణించెను.

పి.సి. సర్కారు (1913–1971) మహారాజు వేషము ధరింపలేదా యందురేమో. పాశ్చాత్యుల నల్లకోటును మనవారు తొడుగుకొనుచున్న దినములలో ఆయన యాలోచించి యెన్నుకొన్న వేష మది. దానినే మఱల తొడుగువాడు ఆ యాలోచనను మాత్రము తొడుగుకొనజాలడు.

మాకు భయము గొలుపు వేషము మఱొకటి యున్నది: విభూతి, రుద్రాక్షలు, మంత్రోచ్చారణము. చేతబడిని నమ్ము యూళ్ల నీ వేషము మిక్కిలి రక్తి కట్టును. గనుకనే క్రొత్తవాని నాకర్షించును. ఆ క్షణమున ఒడంబడిక తెగును. 2025లో కీర్తిశేషులైన బి.వి. పట్టాభిరామ్ గారు తెలుగునాట ఇంద్రజాలమును మూఢనమ్మకములపై యుద్ధమునకు వాడిరి. శైలి నెన్నుకొను బాలునికి ఆ త్రోవయు నున్నది. ఆట ముగియగనే యొక తల్లి జ్వరపడిన బిడ్డ నెత్తుకొని వాని యొద్దకు వచ్చి మంత్రించుమని యడుగవచ్చును. తన విద్యలోని మర్మము చెప్పనక్కఱలేదు. ఇది చేతిపని యనియు, బిడ్డను వైద్యునియొద్దకు గొనిపొమ్మనియు వాడు గిన్నెలు సంచిలో సర్దకముందే చెప్పవలెను.