చెయ్యెత్తితే ఆగే చెయ్యి

అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల్లో ఇరవై మూడేళ్లుగా ట్యాలీ, అకౌంట్స్ చెబుతున్నాను. పొద్దున ఏడింటి బ్యాచ్ నుంచి రాత్రి ఎనిమిదింటి బ్యాచ్ దాకా నోరే నా పనిముట్టు. ఆ నోట్లోనే కుడివైపు కింది దవడ పన్ను ఆరేళ్లపాటు పుచ్చుతూ వచ్చింది. లవంగ నూనెలో ముంచిన దూది పెట్టుకుని పాఠం చెప్పాను గానీ డాక్టరు దగ్గరికి పోలేదు. అన్నం ఎడమవైపే నమిలాను. చల్లటి నీళ్లు మానేశాను. రాత్రిళ్లు నొప్పి లేస్తే మాత్ర మింగి, తెల్లారేదాకా గోడకానుకుని కూర్చున్నాను.

నొప్పికి భయపడి కాదు. నొప్పి రోజూ నాతోనే ఉంది. నా భయమంతా పళ్ల డాక్టరు కుర్చీ అంటేనే.

అది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. 1979లో నాకు తొమ్మిదేళ్లు. బుగ్గ వాచి కన్ను మూసుకుపోతే మా నాయన సైకిల్ మీద కూర్చోబెట్టుకుని పక్క ఊరికి తీసుకుపోయాడు. కుర్చీలో పడుకోబెట్టి సూది వేశారు. తిమ్మిరెక్కిందా అని ఎవరూ అడగలేదు. ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఒకాయన తల అదిమిపట్టాడు. నొస్తోందని చెబుదామంటే నోట్లో పటకారు ఉంది. పెనుగులాడితే, “ఏషాలు ఎయ్యకు పోరగా” అన్నారు.

చాలా ఏళ్లకు తెలిసింది. చీము పట్టి వాచినచోట ఆమ్లం పెరుగుతుంది. అక్కడ మత్తుమందు నరంలోకి సరిగా చొరబడలేదు. అంటే ఆ రోజు నేను ఏషాలు వేయలేదు. నలభై నాలుగేళ్ల తర్వాతైనా ఆ పిల్లవాడి మాట నిజమేనని తేలడం నాకు చిన్న విషయం కాదు.

మా నాయనమ్మకు యాదగిరిగుట్ట నరసింహస్వామి అంటే ప్రాణం. దేవుడి దగ్గర మనిషి ఎట్లుండాలో చెప్పడానికి ఆమెకు ఒకటే కథ. కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా కరుచుకుని ఉంటుంది. పిల్లిపిల్ల ఏమీ చేయదు, తల్లే మెడ దగ్గర నోట కరిచి తీసుకుపోతుంది. “పిల్లిపిల్ల లెక్క ఉండాలె బిడ్డా” అనేది. వీటినే మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అంటారనీ, రామానుజుల తర్వాత శ్రీవైష్ణవులు వడగలై, తెంగలై అని రెండు దారులైనప్పుడు ఈ భేదమూ ఒక కారణమనీ నేను పెద్దయ్యాక చదివాను. నాయనమ్మకు ఆ పేర్లేవీ తెలియవు.

కానీ నాకు చిన్నప్పుడే ఒక అనుమానం వచ్చింది. మా వడ్ల గాదె కింద పిల్లి ఎలుకను పట్టడం చూశాను. అదే నోరు, అవే కోరలు. పిల్లను పట్టినా వాటితోనే, ఎలుకను పట్టినా వాటితోనే. మరి ఆ నోట్లో ఉన్నదానికి, తను పిల్లో ఎలుకో ఎలా తెలియాలి? నాయనమ్మను అడిగితే కసిరింది. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

2023 జులైలో మళ్లీ బుగ్గ వాచింది. మా ఆవిడ ఈసారి ఊరుకోలేదు, పంజాగుట్టలో పళ్ల డాక్టరు దగ్గరికి పొమ్మంది. ఆ రోజు గురువారం. అమీర్‌పేట స్టేషన్‌లో ఎక్కితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. అయినా నేను మెట్రో స్తంభాల వెంబడి నడిచే వెళ్లాను. ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడి దగ్గర పూలబుట్టలు, జనం. చెప్పులు విప్పి బయటి నుంచే దండం పెట్టుకున్నాను. క్లినిక్ ఒక మేడ మీద ఉంది. డాక్టరమ్మకు మా అమ్మాయి వయసు ఉంటుంది.

ఆమె నోరు తెరవమనలేదు. కుర్చీ నిటారుగానే ఉంచి, ఎదురుగా స్టూల్ వేసుకుని కూర్చుని, “ముందెప్పుడైనా ఏమైనా జరిగిందా సార్?” అని అడిగింది. 1979 అంతా చెప్పాను. మా ఆవిడకు కూడా ఎన్నడూ పూర్తిగా చెప్పింది లేదు. ఎక్స్‌రే తీసి, వాపు తగ్గడానికి మందులు రాసి, రూట్ కెనాల్‌కు వచ్చే వారం రమ్మంది.

ఆ వారమంతా మత్తుమందుల చరిత్ర చదువుతూ గడిపాను. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్ ఇచ్చి, నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయవచ్చని నలుగురి ముందూ చూపించిన మోర్టన్ పళ్ల డాక్టరేనట. మన హైదరాబాద్‌కూ ఇందులో భాగముంది. క్లోరోఫాంతో మనుషులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో, 1889లో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వానిది, వాటి వెనక ఉన్నది రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ఆ రోజుల్లోనే ఈ ఊళ్లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే డాక్టరమ్మ రోగులకు క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలో ఆ పని చేసిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. క్లోరోఫాంతో గుండెకు ముప్పు లేదన్న లారీ నిర్ణయం తప్పని తర్వాత తేలింది. కానీ ఆయన పట్టుబట్టిన నియమం ఒకటి నా మనసులో నిలిచింది. మత్తులో ఉన్నవాడి ఊపిరి మీద నుంచి కన్ను తీయకూడదు. పడుకున్నవాడు తనను తాను చూసుకోలేడు కాబట్టి, ఇంకొకరు చూస్తూ ఉండాలి.

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ అంది: “మీ ఎడమ చెయ్యి ఖాళీగా ఉంచుకోండి సార్. నొప్పైనా, భయమేసినా, ఊరికే ఆపాలనిపించినా ఎత్తండి. ఆపేస్తాను. ఎందుకని అడగను.”

సూది వేసింది. సగం పెదవి, సగం నాలుక లేకుండా పోయాయి. ఒత్తిడి తెలుస్తుంది గానీ నొప్పి తెలియదని ముందే చెప్పింది, అలాగే ఉంది. డ్రిల్లు మోత మొదలైంది. నొప్పి లేదు. అయినా చెయ్యెత్తాను. ఆ మాట నిజమో కాదో నాకు తెలియాలి.

మోత ఆగిపోయింది. ఆమె పనిముట్టు బయటికి తీసి, వెనక్కి జరిగి, ఊరికే కూర్చుంది. ఎందుకని అడగలేదు. కిటికీ బయట మెట్రో వెళ్లిన చప్పుడు వినిపించింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిదేళ్ల పిల్లవాడు అప్పుడు ఎత్తబోయిన చెయ్యిని ఇప్పటికి ఎవరో చూశారనిపించింది. కాసేపటికి తలూపాను. రెండోసారి ఎత్తినప్పుడు నిజంగానే చురుక్కుమంది. ఇంకాస్త మందు వేసి, పట్టేదాకా ఆగింది. మూడోసారి ఎత్తే అవసరం రాలేదు. మొదట్లో నా కుడిచెయ్యి కుర్చీ చేతిని కోతిపిల్లలా కరుచుకుని ఉంది. అది ఎప్పుడు విడిపోయిందో నాకు తెలియదు. పని అయ్యాక చూసుకుంటే అరచెయ్యి తెరుచుకుని ఒళ్లో ఉంది.

గాదె కింద పుట్టిన ప్రశ్నకు సగం జవాబు నాకు అక్కడ దొరికింది. పట్టును బట్టి తేడా తెలియదు. రెండు కుర్చీల్లోనూ నేను వెల్లకిలానే పడుకున్నాను, రెండింట్లోనూ నోరు నాది కాదు, ఇనుము అదే. తేడా అరిచినప్పుడే తెలుస్తుంది. పిల్ల అరిస్తే తల్లి కింద పెడుతుంది. ఎలుక అరిస్తే పిల్లి వినదు.

మనవాళ్లు శరణాగతి గురించి మాట్లాడినప్పుడల్లా శరణు కోరేవాడికే పాఠం చెబుతారు: అహం వదులు, నమ్మకం పెంచుకో, ధైర్యం తెచ్చుకో అని. ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? ఆరేళ్లు ప్రయత్నించాను, నావల్ల కాలేదు. రామాయణంలో విభీషణుడు వచ్చినప్పుడు సుగ్రీవుడు అనుమానించాడు. రాముడు మాత్రం, ఒక్కసారి నీవాణ్ణని వచ్చినవాడికి అభయమిస్తానని ముందే మాట ఇచ్చాడు. అక్కడ వ్రతం పట్టింది విభీషణుడు కాదు, రాముడు. శరణాగతి శరణిచ్చేవాడి గుణం వల్ల జరుగుతుందని ఇప్పుడు నేను నమ్ముతున్నాను. భయపడేవాణ్ణి పిరికివాడనడం అన్యాయం.

మిగతా సగం నాకు తేలలేదు. 2021లో మా తమ్ముడు కొవిడ్‌తో పోయాడు. ఆ పన్నెండు రోజులూ నేను దేవుడి ముందు చెయ్యెత్తే ఉన్నాను. ఏదీ ఆగలేదు. ఆ పట్టు ఎవరిదో, అందులో మేము పిల్లలమో మరేమిటో నాకు తెలియదు. తెలిసినట్టు రాయలేను. ఇప్పటికీ గుడికి వెళ్తున్నాను, అడుగుతూనే ఉన్నాను.

కానీ మనిషికీ మనిషికీ మధ్య ఇది తేల్చుకోవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. పళ్ల డాక్టర్లను చేతులు జోడించి ఒకటే అడుగుతున్నాను. మనిషి నోరు తెరిచేముందు ఏ చెయ్యి ఎత్తాలో చెప్పండి. ఎత్తితే ఆపండి. పిల్లలైతే తప్పకుండా ఆపండి. కుర్చీకి భయపడి నాలాగా నొప్పిని ఏళ్ల తరబడి మోస్తున్నవాళ్లకు కూడా ఒక మాట. పడుకునేముందు మీరే అడగండి, చెయ్యెత్తితే ఆపుతారా అని. ఆపనంటే లేచి ఇంకోచోట మెట్లెక్కండి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా అలాంటి మెట్లు చాలానే ఉన్నాయి.